గడ్డం కింద ఖాళీ

అక్క దగ్గు తగ్గిందని ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం అనుమానంగానే ఉంది.

అక్కకి క్షయ బాబాయి నుంచి అంటుకుంది. బాబాయికీ చివర్లో దగ్గు లేదు, తలనొప్పే. ఆయన పోయాక డాక్టరమ్మ అమ్మతో చెప్పింది: "ఈ క్రిముల్లోనూ రకాలుంటాయమ్మా. కొన్ని ఊపిరితిత్తులతో ఊరుకుంటాయి, కొన్ని మెదడుకెక్కుతాయి. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. రోజూ పిల్లని గడ్డం గుండెకి ఆనించమనండి. మెడ వంగకపోతే ఆ క్షణమే తీసుకురండి."

అప్పటినుంచీ పడుకునే ముందు అది చూడటం నా పని. "వచ్చిందండీ చిన్న డాక్టరమ్మ. ఫీజెంతో?" అని అక్క నవ్వేది.

ఈ రాత్రి నవ్వలేదు. నేను వెళ్ళేసరికే గదిలో లైటు ఆర్పేసి ఉంది.

"వెయ్యకే. కళ్ళలో గుచ్చుకుంటోంది."

"గడ్డం ఆనించక్కా."

"ఆనించాను."

దుప్పటి కదిలిన చప్పుడు కూడా రాలేదు. పక్కగదిలో అమ్మ అటు తిరిగి పడుకుంటే మంచం కిర్రుమంది.

"ఇంకోసారి ఆనించవా?"

"ఆనే ఉందిగా. అమ్మని లేపకు, పోయి పడుకో."

అక్క మాటకి ఎప్పుడూ ఎదురుచెప్పని నేను చీకట్లో చెయ్యి చాపాను. మెడ వేడిగా, చెక్కలా బిగుసుకుని తగిలింది. గడ్డానికీ గుండెకీ మధ్య అరచెయ్యి నిలువుగా పెట్టాను. పూర్తిగా పట్టింది.

"చూశావా, ఆనింది," అంది అక్క, నిజంగా నమ్ముతున్నట్టే.

నా చెయ్యి ఇంకా ఆ మధ్యలోనే ఉంది.