గీత ఉన్న అడుగు

“ఇది నువ్వేగా వేశావు?”

కారుతున్న కొళాయి కింద చేటంత మేర తడి మట్టి. చుట్టూ అంతా బండ. ఆ మట్టిలో ఒకే ఒక్క చిరుత అడుగు. బుడ్డది దాని వంక చూసి, పిన్ని వంక చూసి, తల అడ్డంగా ఊపింది.

“నేను కాదు పిన్నీ.”

“ప్లాస్టర్ అచ్చు ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలోనే. అయినా నేను కాదు.”

ఆమె వంగి చూసింది. మడమ దగ్గర అడ్డంగా సన్నటి గీత. మనసు కుదుటపడింది. గీత ఉంది కాబట్టి అది అచ్చుతో నొక్కినదే.

గీత లేకపోతే ఈల వెయ్యాలి. ఈల వేస్తే నడక ఆపి, ఆ అడవి పార్కుని రెండు రోజులు మూసెయ్యాలి. పిల్లలకి అడవి గురించి చెప్పే ఇంటర్న్‌గా చేరిన మొదటి వారంలోనే ఆమె ఆ పని చేసింది. వాగు ఒడ్డున అడుగు కనబడగానే బలంకొద్దీ ఈల వేసింది. మూడు బస్సుల పిల్లలు ఏడుపు మొహాలతో వెనక్కి పోయారు. రేంజరు వచ్చి చూశాడు. ఆఫీసు బీరువాలోంచి ప్లాస్టర్ అచ్చు తెప్పించి అడుగులో పెట్టాడు. కొలిచి చేసినట్టు కూర్చుంది. అచ్చు మడమ మీద పగులు, అడుగు మడమ మీద గీత.

“చిరుతా కాదు, గిరుతా కాదు. మన బీరువాలో సరుకు,” అన్నాడు అందరి ముందూ. “ఎవరో ఆకతాయి తీసి నొక్కి ఉంటాడు. చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోవద్దూ? ఇంకోసారి ఇలా చేశావంటే ఈల ఇక్కడ పెట్టేసి ఇంటికెళ్ళు.”

ఆరోజు నుంచి ఆమె పేరు ఈలమ్మ. డ్రైవరు మొదలుకొని ఊడ్చే మనిషి దాకా అదే పిలుపు.

ఆమె పోయిన పరువుని పాఠం చేసుకుంది. అచ్చుని బయటికి తీసి, దారి పక్క ఇసుకలో నొక్కి, పిల్లలకి అడుగులు చదవడం నేర్పింది. గీత ఉంటే మనది, లేకపోతే ఈల. మూడు నెలలైనా గీత లేని అడుగు ఒక్కటీ కనబడలేదు. గీత ఉన్నవి మాత్రం వంటగది వెనకా, మరుగుదొడ్ల పక్కా, ఎక్కడపడితే అక్కడే. అచ్చు చేతికి దొరికితే పిల్లలు ఊరుకుంటారా అనుకుంది.

ఇవాళ ఆఖరి నడక. ఇది సవ్యంగా ముగిస్తే ఉద్యోగం ఖాయమన్నాడు రేంజరు. వచ్చింది బుడ్డది చదివే బడే. పొద్దున్నే అక్క పిల్ల చెయ్యి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

“దీన్ని నీకప్పజెబుతున్నానే. చెట్టూ పుట్టా అంటూ పిల్లని మర్చిపోకు.”

“అది అడవి కాదక్కా, పార్కు. గేటుంది, టిక్కెట్టుంది.”

“ఆ టిక్కెట్టు సంగతి చిరుతకి ఎవరైనా చెప్పారా?”

ఇద్దరూ నవ్వుకున్నారు.

కొళాయి దాటి ముప్ఫై ఒక్కమంది పిల్లలు వరసగా లోపలికి నడిచారు. బుడ్డది అచ్చు పట్టుకుని ముందు పరిగెత్తింది.

“అక్కా, అది నిజం చిరుత కాలా?” కళ్ళజోడు పిల్లాడు అడిగాడు.

“నిజం అడుగులో ప్లాస్టర్ పోసి తీశారు. ఎండితే అచ్చం కాలులాగే వస్తుంది.”

“మరి కింద పగిలిందేం?”

“ఎవరో చేతకానివాళ్ళు జారవిడిచుంటారు.”

“ఆ చిరుత ఇప్పుడెక్కడుంది?”

“ఎక్కడుంటుందిరా? ఎప్పుడో పోయుంటుంది.”

అంతసేపూ చెట్ల మీద గోల చేస్తున్న కోతులు చప్పున ఊరుకున్నాయి. అది ఆమె గమనించింది. వాగు మలుపులో బుడ్డది కదలకుండా నిలబడి ఉంది. దాని కాళ్ళ ముందు మరో అడుగు. అందులోకి నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి.

ఆమె చెయ్యి ఈల మీదికి పోయింది. వంగి చూసింది. గీత ఉంది. చెయ్యి దిగింది, కోపం ఎక్కింది.

“ఎన్నిసార్లు చెప్పాలే నీకు?”

“ఒట్టు పిన్నీ! నేనొచ్చేసరికే ఉంది.”

“ఇంతింత కళ్ళేసుకుని అబద్ధాలాడకు.” అచ్చు లాక్కుంది. “పో, వరస చివర నిలబడు.”

“అమ్మతో చెప్తా.”

“చెప్పుకో.”

బుడ్డది మూతి ముడుచుకుని వెనక్కి పోయింది. వరస కదిలింది.

మలుపు దాటాక ఎదురుగా ముసలి కాపలాదారు వచ్చాడు. పెళ్ళాం పోయి ఆర్నెల్లు ఇంట్లో పడున్న మనిషి. ఇవాళే పనిలో దిగాడు. అడుగుల లెక్కలో అతన్ని మించినవాడు లేడని ఆమె వినడమే గాని చూడలేదు. తల దించుకుని నేలని చూస్తూ వచ్చి ఆగాడు.

“ఈలమ్మవి నువ్వేనా?”

“మీకూ చెప్పేశారా తాతా?”

“చెప్పారు. ఒకసారి వేసి మానేశావట. దేనికి మానేశావు?”

“ఇదిగో, ఇందుకు.” అచ్చు అతని చేతిలో పెట్టింది. “దీంతో నొక్కింది ఇట్టే తెలిసిపోతుంది. కింద పగులుంది.”

అతను తిరగేసి, ఆ గీత వెంట బొటనవేలు పోనిచ్చాడు.

“ఇది నేను పోసిందే. పగిలిందని ఎవరన్నారు?”

“రేంజరు గారు.”

అతను తలెత్తాడు. ఆమె భుజం మీదుగా వాగు వైపు చూశాడు.

“పిల్లల్ని లెక్కపెట్టు.”

“లెక్క!” అని కేకేసింది. ఎవరి అంకె వాళ్ళు అరవడం అక్కడి పద్ధతి. ఒకటి, రెండు, మూడు... మలుపు అవతలిదాకా అంకెలు సాగాయి. ఇరవై తొమ్మిది. ముప్ఫై.

ఆ తర్వాత ఏమీ లేదు.

“మా అక్క కూతురు,” ఆమె నవ్వింది. “అలిగింది. బుడ్డీ! పలకవే!”

వాగు వైపు ఆకు కదల్లేదు. ముసలాయన ఆమె మెడలోని ఈలని లాక్కున్నాడు.

“అచ్చు పగల్లేదమ్మా, ఆ గాటు చిరుత కాలిది.”