బోరు పాయింట్

నీళ్లు లేవని చెప్పించడానికి దివాకర్ ఐదువేలు జేబులో పెట్టుకొని వచ్చాడు.

నార్కట్‌పల్లి దగ్గర బత్తాయి రైతులు కలిసి జ్యూస్ కంపెనీ పెట్టుకున్నారు. ఉప్పలమ్మ ఉన్న రెండు బర్రెలనూ అమ్మి షేర్లు కొన్నది. అందరి డబ్బూ జాగాకూ షెడ్డుకూ అయిపోయింది. మిషన్లకు బ్యాంకు లోను రావాలంటే బోరులో నీళ్లు చూపించాలి.

మేనేజరు దివాకర్ ఎంబీఏ చదివినవాడు. వాటాదారుల సొమ్ము పెంచడమే తన ధ్యేయమని ప్రతి మీటింగులోనూ చెప్పేవాడు. పక్క చేలో బోరు దండిగా పోస్తోంది కాబట్టి ఇక్కడా నీళ్లుంటాయని అతని లెక్క. లేవని నమ్మిస్తే రైతులు షేర్లను సగం ధరకే వదిలించుకుంటారు.

బోరు పాయింట్లు చూసే బక్కయ్య అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొద్దున్నే జాగా అంతా తిరిగాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుందని ఊరి నమ్మకం. ఇప్పుడు షెడ్డు వెనక చాయ్ తాగుతున్నాడు.

"మీటింగులో నీళ్లు లేవని చెప్పు," అంటూ దివాకర్ నోట్లు అందించాడు.

"గా ముచ్చట చెప్పెతందుకు పైసలెందుకు సారూ?"

బేరమాడుతున్నాడనుకొని దివాకర్ పర్సులోంచి ఇంకో ఐదువేలు తీశాడు. బక్కయ్య ఏదో చెప్పబోయాడు.

"ఇంకేం మాట్లాడకు," అన్నాడు దివాకర్. బక్కయ్య డబ్బు తీసుకొని రొంటిన దోపుకున్నాడు.

మీటింగులో చుక్క నీరు లేదని చెప్పాడు. ఉప్పలమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

"నా బర్రెలు పాయె. ఇగ ఏం బెట్టుకొని బతకాలె?"

"బాధపడకమ్మా. నీ షేర్లు సగం ధరకు నేనే తీసుకుంటా. నాకు నష్టమైనా సరే."

"నీ కడుపు సల్లగుండ బిడ్డా," అంది ఉప్పలమ్మ.

వారంలో అందరూ అమ్మేశారు. సొంత డబ్బు కన్నా అప్పు తెచ్చి పెడితేనే లాభం ఎక్కువని చదువుకున్నాడు గనక, దివాకర్ హైదరాబాదులోని ఇల్లు తాకట్టు పెట్టి మరీ కొన్నాడు. ఇప్పుడు కంపెనీకి వాటాదారు అతనొక్కడే.

నెల తిరక్కుండా బోరు బండి తెప్పించాడు. పొద్దున దుమ్ము లేచింది. సాయంత్రానికీ దుమ్మే వచ్చింది. మరో రెండు చోట్ల వేయించినా అంతే. వచ్చిన డబ్బుతో తిరిగి కొన్న ఒక్క బర్రెను తోలుకొని ఉప్పలమ్మ ఆ దారినే ఇంటికి పోయింది.

దివాకర్ బక్కయ్యను వెతికి పట్టుకున్నాడు.

"అబద్ధం చెప్పినందుకు పదివేలు ఇచ్చాను కదా. ఇప్పుడన్నా నిజం చెప్పు. నీళ్లెక్కడున్నాయి?"

"కాయ యాడా లేవలే సారూ," అన్నాడు బక్కయ్య. "గదే జెప్పవోతే మీరు మాట్లాడొద్దంటిరి."