నీళ్లు ఉమ్మిన మనిషి

రెమిహియోకి కంపెనీవాళ్లు నీలం టోపీ ఇచ్చి నెల దాటింది. అప్పట్నుంచీ మొగుడి బట్టతల ఎలా ఉంటుందో ఎలోడియా మర్చిపోయింది.

"పడుకునేటప్పుడైనా తియ్యవయ్యా. నా పక్కన ఉన్నది మొగుడో మేస్త్రీయో తెలియడం లేదు."

"చలి."

"ముప్పై ఏళ్లుగా ఈ కొండల్లో లేని చలి, టోపీతో పాటు ఇచ్చారా?"

ఊరి పెద్ద గనక అతనికి టోపీ. బడిపిల్లలకి సంచులు. ఇవాళ ఊరందరికీ కాల్చిన మాంసం, దానికి ముందు సభ. ఊరి పక్కనున్న ఉప్పు మైదానం కింద లిథియం ఉందట. తోడుకోవడానికి సరేనంటూ సభలో ఊరు చేతులెత్తాలట. పరీక్ష కోసమని నిరుడే ఓ బావి వేసి, ఆర్నెల్లు ఉప్పునీళ్లు తోడి ఎండబెట్టారు.

ఆ రోజు ఆగస్టు ఒకటి. భూమితల్లి నోరు తెరిచే రోజు.

పొద్దున్నే ఆడవాళ్లు ఊట పక్కన గొయ్యి తవ్వి, కోకా ఆకులు, ఉడికిన దుంపలు, మొక్కజొన్న కల్లు తల్లి నోటికి పెడుతున్నారు. ఎలోడియా ఉన్ని కోసం మేపే లామాలు నలభైకీ ఆ ఊటే దిక్కు. అందుకే ఆమె అందరికంటే ఓ చెంబు ఎక్కువ పోసింది.

అప్పుడొచ్చాడు ఓ ముసలాయన. దుమ్ము పట్టిన కంబళి, టైరు చెప్పులు. ఈ ఊరివాడు కాడు.

ఎవర్నీ పలకరించకుండా ఊట దగ్గర వంగాడు. దోసెడు నీళ్లు నోట్లో పోసుకున్నాడు. కళ్లు మూసుకుని పుక్కిలించాడు.

ఉమ్మేశాడు. తెరిచిన గోతికి జానెడు దూరంలో.

ఎలోడియా చెంబు పక్కన పెట్టి ఆయన మీదికి లేచింది.

"ఛీ ఛీ! తల్లి అన్నం తింటుంటే మొహాన ఉమ్ముతావా?"

"రుచి చూశానమ్మా. మింగితే నాలుక మర్చిపోతుంది."

"చూసి ఏం కనిపెట్టావు?"

"ఉప్పు."

"ఉప్పునేల పక్కన ఉప్పు తగలక పంచదార తగులుతుందా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

"నిరుడు ఆగస్టులోనూ వచ్చి చూశాను తల్లీ. అప్పుడింత లేదు. సభలో రెండు ముక్కలు చెప్పనివ్వండి."

"బయటివాళ్లకి మా సభలో నోరు లేదు. నడు!"

మధ్యాహ్నం సభలో కంపెనీ ఇంజనీరమ్మ చక్కగా మాట్లాడింది.

"మీ లిథియంతో నగరాల్లో పొగ రాని కార్లు తిరుగుతాయి. భూమిని కాపాడుతున్నది మీరే!"

"మా ఊరికి బస్సే వారానికోసారి," అంది ఎలోడియా. "మరి మా ఊట?"

"మేం తోడేది అడుగున ఉప్పునీళ్లు. మీ మంచినీళ్ల జోలికే రామండీ," అంటూ ఇంజనీరమ్మ సంచిలోంచి సీసా తీసి తాగింది. ఆమె ముందు పెట్టిన ఊటనీళ్ల కూజా మూత కూడా కదల్లేదు.

ఎలోడియాకి అది నచ్చలేదు. చెయ్యెత్తాలని లేదు.

ఇంతలో వాకిట్లోంచి గొంతు.

"పైనీళ్లూ కిందినీళ్లూ వేరు కాదు నాయనా. కిందివి తోడితే పైవి..."

పొద్దుటి ముసలాయనే.

ఎలోడియా చటుక్కున లేచింది. "రెమిహియో! తల్లి మొహాన ఉమ్మినవాడు వీడే. గడప తొక్కనివ్వకు!"

సభంతా ఛీ కొట్టింది. ఇద్దరు లేచి ఆయన్ని రెక్క పట్టుకుని ఊరి పొలిమేర దాకా తోసుకెళ్లారు.

ఆ ఊపులోనే చేతులు లేచాయి. ఎలోడియా చెయ్యీ లేచింది. అలాంటివాడు వద్దన్నాడంటే మంచిదే అయ్యుంటుంది అనుకుంది.

తర్వాత మాంసం. పొద్దు వాలేసరికి భూమితల్లి నోటి చుట్టూ చీకిన ఎముకలు, కొవ్వు మరకల కాగితాలు, ఖాళీ సీసాలు. గొయ్యి పూడ్చడానికి వచ్చిన ఎలోడియా ముక్కు మూసుకుని అవన్నీ ఏరింది.

రెండేళ్లు గడిచాయి.

మైదానంలో కనుచూపు మేరా ఉప్పునీళ్లు ఎండబెట్టే కంపెనీ మడులు. చిలకపచ్చ, నీలం. ఆకాశంలోంచి ఫొటోలు తీసుకుని ముచ్చటపడుతున్నారట. ఊట మాత్రం బురద మడుగైంది. అడుగున మిగిలిన నీళ్లు నోట పెడితే వాంతి. ఆ ఈతకి పుట్టిన తొమ్మిది లామా పిల్లల్లో ఏడు చచ్చే పుట్టాయి.

మంగళవారం మంగళవారం కంపెనీ ట్యాంకరు వస్తుంది. ఆ నీళ్లు డీజిలు కంపు. తాగి పడుకుంటే తెల్లారేదాకా అవే తేన్పులు.

ఓ మంగళవారం వరసలో డబ్బాతో నిలబడి, ఎలోడియా డ్రైవర్ని అడిగింది.

"ఏం నాయనా, మైదానం అవతలి ఊళ్లకీ ఇవే పోస్తావా?"

"అవతల ఊరెక్కడిదత్తా? ఊట ఎండి, తలుపులకి తాళాలే. చివరికి మిగిలింది ఒక్క ముసలాయన. ఆయనా మొన్న చలికాలం పోయాడు. పిచ్చోడు! ఏటా ఆగస్టులో కాలినడకన ఊరూరా తిరిగి, ఊట నీళ్లు పుక్కిలించి ఉమ్మేవాడు."

ఎలోడియా డబ్బా నిండి పొర్లుతోంది. ఆమె చూసుకోలేదు.

"ఎవరాయన?"

"ఆ ఊరి నీళ్లపెద్ద, అత్తా. నలభై ఏళ్లు ఇంటింటికీ వంతులేసి నీళ్లు పంచిన మనిషి. మీకంటే ముందే కంపెనీ ఆ ఊరికి వచ్చినప్పుడు అక్కడి సభలో మొట్టమొదట చెయ్యెత్తింది కూడా ఆయనేనట."

వరసలో వెనకే ఉన్న రెమిహియో నేల చూపులు చూస్తున్నాడు.

"ఆయన్ని ఇక్కడ నోరెత్తనివ్వనిది నేనే," అంది ఎలోడియా, అందరికీ వినబడేలా. "తప్పు నాదే."