ఎర్రరంగు దారి

“దారి తప్పామాండీ?” పచ్చి మోడు మీద కూలబడి శ్రీదుర్గ మళ్లీ అడిగింది.

“తప్పడమేంటండీ! ట్రెక్కింగుకి వచ్చేవాళ్లు అడ్డదిడ్డంగా నడిచి మొక్కలు తొక్కకూడదని, పోయిన నెల నేనే దారి పొడవునా చెట్లకి ఎర్రరంగు పూశాను,” అన్నాడు లక్ష్మీకాంత్.

కొండపల్లి అడవిలో ఒక్క గుర్తూ కనబడక, రెండో పూతకి తెచ్చిన రంగుడబ్బా పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

గొడ్డలి భుజాన వేసుకుని పొదల్లోంచి ఒకతను వచ్చాడు. డబ్బా చూడగానే అతని ముఖం విప్పారింది.

“గుర్తులేసే సారు మీరేనాండీ! మీకోసమే చూస్తన్నాం. రంగేసిన చెట్టే కొట్టాలని మా మేస్త్రీ చెప్పాడండీ. అన్నీ కొట్టేశాం. రంగు లేనిదాన్ని ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, ఒట్టు. ఇవాళ వేటికేస్తారు?”

శ్రీదుర్గ మోడు మీంచి గబుక్కున లేచింది.