కుడి అద్దం మీద గీత

జగన్ చేసిన తప్పల్లా ఒక్కటే. తనది కాని బైనాక్యులర్స్‌ను తుడిచాడు.

నిన్న పెళ్ళివాళ్ళెవరో అతని కారు కిరాయికి మాట్లాడుకున్నారు. ఎయిర్‌పోర్టులో దిగిన చుట్టాలను శంషాబాద్‌లో ఫంక్షన్ హాలుకు చేర్చడం పని. పొద్దంతా ట్రిప్పుల మీద ట్రిప్పులు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే వెనక సీటు కింద నల్ల పెట్టె, అందులో ఖరీదైన బైనాక్యులర్స్. ఎవరివో ఏం చెప్తాడు? అందరూ పట్టుబట్టలవాళ్ళే, అందరూ ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్నవాళ్ళే.

పెట్టెను ఫోటో తీసి పెళ్ళిపెద్దకు పంపాడు. ఆయన దాన్ని చుట్టాలందరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా! జగన్ మూతలు తీశాడు. అద్దాల మీద దుమ్ము కనిపించింది. మర్యాదగా తుడిచి ఇద్దామని, కారు డాష్‌బోర్డు తుడిచే గుడ్డతో నాలుగు రుద్దులు రుద్దాడు.

తెల్లారి భార్య సంతోషి వాటిని వాకిట్లో ఎండకు తిప్పి చూసి కేకేసింది.

"ఏం జేసినవయ్యా? కుడి అద్దం మీద గీత పడ్డది!"

జగన్ వంగి చూశాడు. నిజమే. సన్నగా, కొంచెం వంకరగా గీత.

"నిన్న లేదు గదనే!"

"నిన్న నువ్వు చూసింది దుమ్మును."

జగన్ ఫోన్లో వీడియోలు వెతికాడు. టూత్‌పేస్టు రాస్తే గీతలు మాయమవుతాయని ఒకాయన నవ్వుతూ చెబుతున్నాడు. జగన్ పేస్టు కోసం లోపలికి ఉరికాడు. సంతోషి దాన్ని లాక్కుంది.

"జర ఆగు. తెలిసినోళ్ళను అడుగు."

ఆరాంఘర్‌లో కళ్ళద్దాల షాపు నడిపే యాదయ్యకు ఫోన్ చేశాడు. సంగతి వినగానే యాదయ్య మొత్తుకున్నాడు.

"దుమ్ము మీద గుడ్డ పెట్టి రుద్దుతరా అన్నా? దుమ్ముల ఇసుక ఉంటది. ముందు గాలి ఊది పోగొట్టాలె. మెత్తటి బ్రష్షుతోటి దులపాలె. గుడ్డ ఆఖరుకు. గదిగుడ మెల్లగ, నడిమి నుంచి అంచుకు."

"మరి పేస్టు రాస్తే?"

"అద్దం మీద పల్చటి పూత ఉంటది. అది లేసిపోతది. ఇప్పుడు గీత ఒక్కటే, అప్పుడు అద్దమంత మసకైతది. ముందటి అద్దం మీద చిన్న గీతైతే చూపుకు అడ్డం రాదు. ఊకో."

"ఇగ గీత పోయే దారే లేదా?"

"పడ్డ గీత యాడికి పోతదన్నా!"

జగన్ అరుగు మీద చతికిలబడ్డాడు. సంతోషి బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టుకుంది. "ఇగ నువ్వు ముట్టకు" అంది.

టిఫిన్ల వేళకు ఇంటి ముందు తెల్లకారు ఆగింది. దిగినాయన నెరిసిన మీసంతో, ఇస్త్రీ నలగని చొక్కాతో పెద్దమనిషిలా ఉన్నాడు. పేరు మల్లేశ్వర్, పెళ్ళికొడుకు తరఫు బంధువట.

"గ్రూపులో ఫోటో చూశానండి. నల్ల పెట్టె, భుజానికి వేసుకునే పట్టీ. నాదే. మీలాంటి నిజాయితీపరులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు!"

ఆ మాటతో జగన్ ఇంకా కుంగిపోయాడు. కాళ్ళ మీద పడి చెప్పేద్దామనిపించింది.

"సార్, నేనొక తప్పు..."

సంతోషి అతని కాలు తొక్కింది.

"ఏమనుకోవద్దు సార్. పరాయి సొమ్ము, గుర్తు అడగకుంట ఎట్లిస్తం?" బైనాక్యులర్స్ చేతిలోంచి వదలకుండానే కుడి అద్దాన్ని ఆయన వైపు తిప్పింది. "ఈ గీత మీకు ఎరుకేనా?"

జగన్ కళ్ళు మూసుకున్నాడు. తిట్లు పడతాయని చెవులు రిక్కించాడు.

వినబడింది నవ్వు.

"ఎంత మాటమ్మా! పోయినేడాది కొంగలను చూద్దామని చెరువుగట్టు ఎక్కాను. జారిపడితే ముళ్ళకంప గీసుకుంది. మా ఆవిడ వారంపాటు మాట్లాడలేదు. ఈ గీతను కళ్ళకు గంతలు కట్టినా గుర్తుపడతాను."

జగన్ ప్రాణం లేచొచ్చింది. పాత గీత! తన గుడ్డది కాదు! గంతేసినంత పని చేశాడు.

"ఇన్నవా సంతోషీ? నేను జేసింది కాదంట! పొద్దటి సంది నన్ను సంపుకతిన్నవ్. ఇచ్చెయ్, సారుకు ఇచ్చెయ్!"

మల్లేశ్వర్ చిరునవ్వుతో చెయ్యి చాచాడు.

చాచిన ఆ అరచేతిలో సంతోషి బైనాక్యులర్స్ పెట్టలేదు, చిటికెనవేలి కొసతో అద్దం మీంచి ఆ గీతను ఎత్తి పెట్టింది: పొద్దున తన జడలోంచి తెంపి అంటించిన వెంట్రుక.