పదహారో బోల్టు

తన పాతకారు ఇంజను విప్పిన రోజు సోమయాజులు మాస్టారికి బాగా గుర్తు. 2039 నవంబరు ఆరు, ఆదివారం. పొద్దున ఇడ్లీ, అల్లం పచ్చడి తిన్నారు. సాయంత్రానికి పదహారు బోల్టుల్లో ఒకటి మాయమైంది. నువ్వే పారేశావంటూ మెకానిక్ మస్తాన్‌ను ఆయన పన్నెండేళ్లు సాధించారు.

ఇప్పుడు ఇంటింటా అచ్చుపెట్టె ఉంది. ఏ బోల్టు అడిగినా అన్నం ఉడికేలోగా చేసిస్తుంది. కానీ పాతకారుకు పెట్రోలు పోయాలంటే అన్నీ కంపెనీలో పుట్టిన బోల్టులే ఉండాలని చట్టం. ఒక్కటి తేడా వచ్చినా ఆ ఇంజను ఇక మోగకూడదు.

తనిఖీకి వచ్చిన నీలవేణి ప్రత్యేకమైన కళ్లద్దాలతో చూసింది. "పదిహేను పచ్చగా వెలిగాయి మాస్టారూ. ఈ పదహారోది పెట్టెలోదే కదూ?"

"అవునమ్మా," అన్నారాయన దిగులుగా. "పోనీలే, రెండిడ్లీలు తిని వెళ్లు."

వంటింట్లో ఆయన ఇడ్లీపాత్ర మూత ఎత్తబోతుంటే నీలవేణి కేక పెట్టింది. "ఆగండి! ఆ పిడి పచ్చగా వెలుగుతోంది!"

పిడి విరిగితే ఏదో బిగించి, చెయ్యి కాలకుండా చీరపేలిక చుట్టింది భార్య వసుంధర. ఆమె పోయాక కూడా ఆయన దాన్ని విప్పి చూడలేదు. ఇప్పుడు విప్పితే లోపల ఆ పదహారో బోల్టు!

"రోజూ పట్టుకుంటూనే ఉన్నానే!" ఆయనకు నవ్వాగలేదు.

"మరి మస్తాన్‌గారికేం చెబుతారు?"

"ముందు ఇడ్లీలు పెడతాను. నన్ను తిట్టడానికి అతనికి ఓపిక కావాలి కదా పాపం!"

సంజెవేళ ఇంజను మోగింది. పెట్రోలు వాసన చూడ్డానికి వీధంతా వచ్చింది. అందరూ వెళ్లాక, పెట్టెలో చేసిన బోల్టును మూతకు బిగించి, దానికి ఆ పేలికే చుట్టారు మాస్టారు. తర్వాత ఇంజను నిద్ర చెడకుండా షెడ్డు తలుపు మెల్లగా మూశారు.