బొబ్బర్ల షోర్వ, ఇంటెనక మడి

నీలమ్మ మీద ప్రకాశానికి ఉన్న కడుపుమంట పన్నెండేళ్లది.

బహదూర్‌పురాలో అతని ఇంటి వెనక కాస్త జాగ ఉంది. తల్లి రెక్కల కష్టంతో కొన్నది. తల్లి పోయింది గాని, ఆమె ఉన్నప్పటినుంచీ అక్కడ మడి చేసుకునే నీలమ్మ పోలేదు. పొద్దున్నే ఎక్కడినుంచో వచ్చి, ఆ జాగలో పాలకూర, తోటకూర పండించి, గంపలో పెట్టుకుని అమ్ముకుంటుంది.

కిరాయి లేదు, కాగితం లేదు. రోజూ గడప మీద ఒక కట్ట కూర పెట్టి పోతుంది. ఓ ఏడు చేతికి కట్టు ఉన్నా మానలేదు.

"నా జాగల పండించి నాకే బిచ్చమేస్తున్నది" అని ప్రకాశం పళ్లు నూరేవాడు.

అతని భార్య చంద్రమ్మ ఆ కట్ట తీసి చప్పుడు చేయకుండా పప్పులో వేసేది.

ఏడో తరగతిలో బడి మానేసిన ప్రకాశాన్ని ఎవరూ దేనికీ మెచ్చుకున్నది లేదు, ఒక్క షోర్వకు తప్ప.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాల్లో శుక్రవారం ఉపవాస కూటం అతని ఇంట్లోనే. ప్రార్థన అయ్యాక అందరూ ఉపవాసం విడిచేది ప్రకాశం చేసిన బొబ్బర్ల షోర్వతోనే. మాంసం ఉండదు, నెయ్యి ఉండదు, పాలచుక్క ఉండదు. అయినా గిన్నె అడుగు గీకి మరీ తాగుతారు.

ఆ శుక్రవారమూ అంతే. ఉస్మాన్‌గంజ్ బొబ్బర్లు ముందురోజే నానబోశాడు. ఉడికిన నీళ్లు చుక్క పారబోయలేదు. పల్లీనూనెలో ఉల్లి, వెల్లుల్లి ఎర్రగా వేయించి, టమాటలు మగ్గించి, బొబ్బర్లు నీళ్లతో సహా పోశాడు. రెండు గరిటెల గింజలు విడిగా తీసి, మెత్తగా మెదిపి మళ్లీ అందులోనే కలిపాడు. షోర్వ చిక్కబడి, బుడగలు బద్ధకంగా లేచాయి.

కూటానికి వచ్చిన ఆటో డానియేలు మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టాడు.

"అన్నా, నిజం చెప్పు. ఇండ్ల నల్లి బొక్క ఏసినవా? పాయా లెక్కున్నది."

"శ్రమల దినాలల్ల బొక్కనా? గింజ మెదిపి ఏసిన. హునర్ అంటరు దీన్ని, చేతి పనితనం."

పదిమందీ నవ్వారు. ప్రకాశం ఛాతీ జానెడు పెరిగింది. బజార్లో కొన్న పాలకూర తరిగి పళ్లెం ఎత్తాడు.

"అంతా ఒక్కసారి ఎయ్యకు బిడ్డా."

వెనక తలుపు దగ్గర నీలమ్మ.

"కాడలు ముందుగాల ఎయ్యి. ఆకు దించేటప్పుడు. మీ అమ్మ గట్లనే చేస్తుండె."

డానియేలు కిసుక్కుమన్నాడు. "అన్నా, నీ ఉస్తాద్ వచ్చింది."

అంతే. ప్రకాశానికి నెత్తికెక్కింది.

"నా పొయ్యికాడికొచ్చి నాకే వంట నేర్పుతవా? జాగ నాది, నీళ్లు నావి. తినుడు మాత్రం నువ్వు. రేపటిసంది ఈడ కనబడకు అవ్వా."

నీలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పోత గని, జాగ ఖాళీ పెట్టకు బిడ్డా. ఏదో ఒకటి నాటు."

"నా జాగ, నా ఇష్టం. గడ్డి మొలవనీ, నీకేంది ఫికర్?"

"గడ్డి గాదు బిడ్డా. మనిషి మసలాలె."

"నడువ్."

ఆమె పార భుజాన వేసుకుని నడిచింది.

అందరూ ప్రార్థనకు కళ్లు మూసుకున్నప్పుడు ప్రకాశం కాడలు ముందు వేశాడు. దించబోయేముందు ఆకు వేశాడు. ఆ రోజు షోర్వ ఎన్నడూ లేనంత బాగా కుదిరింది. అందరూ రెండేసి గిన్నెలు తాగి, నీ చేతిల ఏదో ఉన్నదన్నా అన్నారు. ఉన్నదన్నాడు ప్రకాశం.

మర్నాడు మడి మొత్తం పీకి చదును చేశాడు.

"గిప్పుడు నా జాగ నా జాగ లెక్కున్నది."

"బోడిగున్నది" అంది చంద్రమ్మ.

ఈస్టర్‌కు అత్తగారి ఊరికి పోయి వారానికి తిరిగొచ్చేసరికి ఆ జాగ చుట్టూ ఇటుక గోడ లేచి ఉంది. ఇనుప గేటు, తాళం. గేటు ముందు కుర్చీలో శ్రవణ్‌కుమార్. ప్లాట్ల బేరాలు చేస్తాడు.

"ఇది మా అమ్మ జాగ. నోటరీ కాగితమున్నది" అన్నాడు ప్రకాశం.

"నా దగ్గర కూడ ఉన్నది. కోర్టుకు పో అన్నా, ఇరవై ఏండ్లు ఇద్దరం తిరుగుదాం."

"ఎన్నడు రానోనివి, ఇప్పుడెట్ల వచ్చినవ్?"

"ఎన్నడు రాలేదా? మీరు ఇంట్ల లేనప్పుడు నాలుగుసార్లు వచ్చిన, హద్దురాళ్లు పాతనీకి. నీ మనిషి పాతనిస్తె గద."

"నా మనిషెవరు?"

"గా ముసలామె. మడి నడుమ కూసునేది. 'ఇది ప్రకాశం జాగ, నేను ఆయన జీతగత్తెను, నన్ను తొక్కి పాతుండ్రి' అనేది. ఓసారి మావోళ్లు గంప తన్నిండ్రు, ఆమెను గుంజిండ్రు. చెయ్యి ఇరిగింది గని లేవలె." శ్రవణ్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అసొంటి మనిషిని ఎందుకు తీసేసినవే? జీతం కాడ లొల్లా?"



ప్రకాశం ఇంటికొచ్చి చంద్రమ్మను అడిగాడు.

"నీలమ్మ యాడుంటది?"

"ఎన్నడన్న అడిగినమా?" అంది చంద్రమ్మ. "అత్తమ్మ పానం పోయేముందు ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. కూర సంగతే అనుకున్న."

కూరదొంగ అని ప్రకాశం తరిమేసింది, తల్లి తన జాగకు పెట్టిపోయిన కాపలా మనిషిని. ఆమె వెనకే పోయింది, కొలిచి చెబితే, అరవై రెండు గజాల జాగ.